గుంత చెప్పిన సాక్ష్యం

కొలతల కథలు: పదకొండో భాగం

పోయిన భాగం లైబ్నిజ్ వేసిన చిక్కుముడి దగ్గర ఆగింది. కదులుతున్న వస్తువులో ఉన్న బలం ఎంత అన్నది ప్రశ్న. దేకార్త్ బాటలో నడిచేవాళ్ళు వస్తువు పరిమాణాన్ని వేగంతో గుణిస్తే చాలన్నారు. లైబ్నిజ్ 1686లో లైప్‌జిగ్ నుంచి వచ్చే పత్రికలో చిన్న వ్యాసం రాసి, ఆ లెక్క తప్పని, గుణించాల్సింది వేగంతో కాదు, వేగం వర్గంతో అని వాదించాడు. తన లెక్కకు ఆ తర్వాత ‘సజీవ బలం’ అని పేరు పెట్టుకున్నాడు. వేగం రెట్టింపయితే మొదటి లెక్కలో బలం రెండింతలు, రెండో లెక్కలో నాలుగింతలు. ఇంత తేడా ఉన్న రెండు మాటల్లో ఏది నిజమో తేలక ముప్ఫై ఏళ్ళకు పైగా యూరప్ పండితులు కాగితాల మీద కొట్టుకున్నారు.

ఈ భాగంలో ఆ తగవు మట్టిలోకి దిగుతుంది.

మొదట దిగింది మట్టిలోకి కాదు, గడ్డకట్టిన జంతువుల కొవ్వులోకి. ఇటలీలోని పాదువాలో జొవాన్ని పొలేని అనే ఆచార్యుడు నదుల నీటిపారుదల మీద 1718లో రాసిన పుస్తకంలో, గోళాల్ని కొవ్వు మీద పడేసి అవి చేసిన గుంతల్ని పోల్చి చూశానని చెప్పాడు. ఆ మాట అప్పట్లో ఎక్కువమంది చెవిన పడలేదు. నాలుగేళ్ళ తర్వాత హాలండ్‌లోని లైడెన్‌లో అదే పని బంకమట్టితో జరిగినప్పుడు మాత్రం అందరూ తలెత్తి చూశారు. దానికి కారణం ఆ పని చేసిన మనిషి.

విలెం గ్రావెసాండ్ న్యాయశాస్త్రం చదివినవాడు. 1715లో డచ్చి రాయబారులకు కార్యదర్శిగా లండన్ వెళ్ళి, అక్కడ న్యూటన్‌ని కలిసి, ఆయన భక్తుడై తిరిగొచ్చాడు. 1717లో లైడెన్ విశ్వవిద్యాలయంలో గణిత, ఖగోళ శాస్త్రాల ఆచార్యుడయ్యాడు. న్యూటన్ చెప్పినవాటిని నల్లబల్ల మీద నిరూపించి ఊరుకునే రకం కాదు. ప్రతి సూత్రానికీ ఒక పరికరం ఉండాలి, విద్యార్థి కళ్ళెదుట అది పనిచేయాలి. ఆ పరికరాలు చేసి ఇవ్వడానికి ఊళ్ళోనే యాన్ వాన్ మషెన్‌బ్రూక్ అనే పనిమంతుడు దొరికాడు. న్యూటన్ పక్షం కాబట్టి మన తగవులో గ్రావెసాండ్ మొదట లైబ్నిజ్‌కి ఎదురు వర్గం. అందుకే అతని సాక్ష్యానికి అంత విలువ వచ్చింది.

ఆ ప్రయోగం ఎలా అల్లాడో కాస్త నిదానంగా చూడాలి. దాని పనితనమంతా ఆ అల్లికలోనే ఉంది.

లోపల బోలుగా ఉన్న ఇత్తడి గోళాలు మూడు. మూడూ ఒకే సైజు, బరువులు మాత్రం వేరు: రెండోది మొదటిదానికి రెండింతలు, మూడోది మూడింతలు. కింద మెత్తటి బంకమట్టిని చదునుగా పరిచాడు. తేలిక గోళాన్ని ఒక ఎత్తునుంచి వదిలాడు. రెండింతల బరువున్నదాన్ని అందులో సగం ఎత్తునుంచి, మూడింతలదాన్ని మూడో వంతు ఎత్తునుంచి వదిలాడు. గుంతలు కొలిస్తే మూడూ ఒకేలా ఉన్నాయి.

ఎత్తునుంచి పడే వస్తువు వేగం వర్గం ఆ ఎత్తును బట్టి పెరుగుతుందని గెలీలియో కాలం నుంచీ తెలిసిందే. కాబట్టి బరువును ఎత్తుతో గుణించడమంటే బరువును వేగం వర్గంతో గుణించినట్టే. మూడు గోళాల్లోనూ సమానంగా ఉన్నది అదే. వేగంతో మాత్రమే గుణించి చూస్తే బరువైన గోళానికి తేలిక గోళం కంటే సుమారు 1.7 రెట్లు ఎక్కువ వస్తుంది. గుంతల్లో ఆ తేడా జాడ కూడా లేదు. లైబ్నిజ్ నెగ్గాడు. గ్రావెసాండ్ తాను ఇన్నాళ్ళూ పొరబడ్డానని ఒప్పుకుని, 1722లో ఆ సంగతి అచ్చులో పెట్టాడు.

నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేసేది ఆ ఒకే సైజు గోళాల ఎంపిక. బంకమట్టి ఎలా ఎదురు తిరుగుతుందో, పైన ఒకలాగా లోపల ఒకలాగా ఉంటుందో, వేగాన్ని బట్టి గట్టిపడుతుందో ఆయనకు తెలియదు. తెలియాల్సిన అవసరం లేకుండా చేసుకున్నాడు. గోళాలన్నీ ఒకే ఆకారం, మట్టి ఒకే మట్టి, చివరికి గుంతలు కూడా ఒకటే అయితే మట్టి చేసిన పనీ ఒకటేనని స్థూలంగా అనుకోవచ్చు. మట్టి స్వభావం రెండు పక్కలా కొట్టుకుపోయింది. తెలియని విషయాన్ని ఇలా లెక్కలోంచి తప్పించగలగడం ప్రయోగం చేసేవాడికి ఉండాల్సిన మొదటి నేర్పు.

ఇంట్లో వినాయక చవితికి తెచ్చిన బంకమట్టి మిగిలితే పిల్లలచేత ఇది చేయించండి. ఒకే సైజు ఇనుప గోళీ ఒకటి, గాజు గోళీ ఒకటి చాలు. ఇనుము గాజుకంటే దాదాపు మూడింతలు బరువు. ఇనుప గోళీని అడుగు ఎత్తునుంచి, గాజు గోళీని మూడడుగుల ఎత్తునుంచి వదలండి. మట్టిని బాగా పిసికి, గాలి బుడగలు లేకుండా చదును చేయడం ఒక్కటే కష్టం.

లైడెన్ గుంతలు చూసి ఇంగ్లండ్‌లో న్యూటన్ అనుచరులకు కోపం వచ్చింది. శామ్యూల్ క్లార్క్ 1728లో రాయల్ సొసైటీ పత్రికలో ఘాటుగా విరుచుకుపడ్డాడు. కోపం పక్కన పెడితే, ఆ వర్గం ప్రశ్నల్లో ఒకటి మాత్రం గట్టిది. గుంత లోతు చూస్తున్నారు సరే, ఆ గుంత పడడానికి పట్టిన కాలం చూశారా అన్నారు. తేలిక గోళం వేగంగా వచ్చి తొందరగా ఆగిపోతుంది. బరువైనది నెమ్మదిగా వచ్చి ఎక్కువసేపు మట్టిని నొక్కుతుంది. గుంత ఒకటే అయినా గడియ ఒకటి కాదు. ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి. కథలో ఇది మళ్ళీ వస్తుంది.

ఫ్రాన్స్‌లో ఈ వాదాన్ని భుజానికెత్తుకున్నది ఎమిలీ ద్యు షాత్లే. 1740లో ఆమె రాసిన భౌతికశాస్త్ర గ్రంథం లైబ్నిజ్ పక్షాన నిలబడింది. మరుసటేడు పారిస్ అకాడమీ కార్యదర్శి మెరాన్ ఆమెకు బహిరంగ లేఖ రాస్తే, ఆమె అంతే బహిరంగంగా బదులిచ్చింది. ఈ గోళాల ప్రయోగం ఆమే స్వయంగా చేసిందని ఈమధ్య పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పడం ఎక్కువైంది. ప్రయోగం గ్రావెసాండ్‌ది. దాని అర్థాన్ని ఫ్రెంచి పాఠకుల ముందు నిలబెట్టిన ఘనత ఆమెది. అది చిన్న ఘనత కాదు, కాబట్టి లేనిది కలపాల్సిన పని లేదు.

ఇంతవరకూ నడిచిందంతా పోలిక. ఈ గుంత ఆ గుంతతో సమానమా, కాదా? ఆ గుంత చేస్తున్నప్పుడు మట్టి ఎన్ని పౌండ్ల బలంతో గోళాన్ని వెనక్కి నెట్టిందన్నది ఎవరూ లెక్కించలేదు. ఆ అంకె కావాలంటే రెండు కొలతలు ఉండాలి: తగిలేటప్పటి వేగం, దిగిన లోతు. ఎత్తునుంచి పడే గోళానికి వేగం తెలుసు. తుపాకి గుండుకు? కంటికి ఆనని వేగాన్ని 1740 నాటికి ఏ గడియారంతో కొలుస్తారు?

దానికి జవాబు చెప్పినవాడు బెంజమిన్ రాబిన్స్. 1707లో ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో, యుద్ధాన్ని పాపమని నమ్మే క్వేకర్ కుటుంబంలో పుట్టాడు. ఇరవై ఏళ్ళకే రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. వూలిచ్‌లో కొత్తగా పెట్టిన సైనిక పాఠశాలలో ఉద్యోగం ఆశించి పాఠాలు సిద్ధం చేసుకుంటే, ఆ ఉద్యోగం మరొకరికి పోయింది. ఆ పాఠాలనే పుస్తకంగా 1742లో అచ్చు వేయించాడు. ఫిరంగి విద్యకు కొత్త సూత్రాలు అని దాని పేరుకు అర్థం. చిన్న పుస్తకమే గాని ఒక శాస్త్రాన్ని మొదలుపెట్టింది.

అందులో ఆయన పరికరం ఒక ఊయల లాంటిది. మూడు కాళ్ళ చట్రం నుంచి ఇనుప పలక వేలాడుతుంది, దానికి మందపాటి చెక్క దిమ్మ బిగించి ఉంటుంది. మొత్తం 56 పౌండ్ల పైచిలుకు బరువు. తుపాకి గుండు పన్నెండో వంతు పౌండు, అంటే మన లెక్కలో 38 గ్రాములు. గుండు వచ్చి చెక్కలో దిగబడుతుంది, దిమ్మ వెనక్కి ఊగుతుంది. దిమ్మ అడుగున కట్టిన సన్నటి రిబ్బను ఎంత పొడవు లాగబడిందో చూస్తే ఎంత దూరం ఊగిందో తెలుస్తుంది. దిమ్మ గుండుకంటే దాదాపు 675 రెట్లు బరువు కాబట్టి స్థూలంగా వేగం అన్ని రెట్లు తగ్గుతుంది. సెకనుకు 1,700 అడుగుల వేగంతో వచ్చినది రెండున్నర అడుగులకు పడిపోతుంది. రెండున్నర అడుగుల వేగాన్ని రిబ్బనుతో కొలవవచ్చు.

లైబ్నిజ్ తగవును మనసులో ఉంచుకుని ఈ దిమ్మను మళ్ళీ చూడండి. ఊగుడును లెక్కగట్టేటప్పుడు రాబిన్స్ వాడింది బరువును వేగంతో గుణించే పాత లెక్క. దాన్నే ఇప్పుడు ద్రవ్యవేగం అంటున్నాం. గుండు తెచ్చిన ద్రవ్యవేగం మొత్తం దిమ్మలోకి పోయింది, ఒక్క పాలూ పోలేదు. సజీవ బలం లెక్కన చూస్తే ఊగుడులో మిగిలింది 675లో ఒక్క వంతే. మిగతా 674 వంతులు ఎక్కడికి పోయాయి? చెక్కకు పడ్డ రంధ్రంలోకి, దాని పీచు తెగడానికి, సీసం నలగడానికి, వేడికి. ఒకే గుండు, ఒకే చెక్క. ఊగుడు వేగానికి సాక్ష్యం చెబుతోంది, రంధ్రం వేగం వర్గానికి సాక్ష్యం చెబుతోంది. యాభై ఏళ్ళుగా కొట్టుకున్న రెండు పక్షాలూ ఒకే దిమ్మలో పక్కపక్కన నిజమై కూర్చున్నాయి. ఈ చరిత్రంతటిలో నాకు ఇంతకంటే ఇష్టమైన వస్తువు లేదు.

రాబిన్స్ పుస్తకం వచ్చిన మరుసటేడే, 1743లో, పారిస్‌లో డాలంబేర్ తన గతిశాస్త్ర గ్రంథంలో ఈ తగవు మాటల తగవే అన్నాడు. అడ్డుపడే బలాన్ని అది పనిచేసిన కాలంతో గుణిస్తే ద్రవ్యవేగం, అది పనిచేసిన దూరంతో గుణిస్తే సజీవ బలం (అందులో సగం అనాలన్న దిద్దుబాటు ఆ తర్వాత శతాబ్దంలో కొరియోలిస్‌తో స్థిరపడింది). లోతు కొలిచేవాడికి వర్గం కనిపిస్తుంది, గడియారం చూసేవాడికి వేగం కనిపిస్తుంది.

ఇప్పుడు అంకె వేద్దాం. 1,700 అడుగుల వేగంతో వచ్చిన రాబిన్స్ గుండు చెక్కలో 5 అంగుళాలు దిగి ఆగిందనుకోండి. గ్రావెసాండ్ తోవనే పోదాం. గాలి అడ్డులేకుండా ఆ వేగం రావాలంటే గుండు ఎంత ఎత్తునుంచి పడాలి? సుమారు 44,900 అడుగులు, ఎవరెస్టుకు ఒకటిన్నర రెట్లు. అంత ఎత్తులో భూమి తన ఆకర్షణతో కూడబెట్టిన వేగాన్ని చెక్క 5 అంగుళాల్లో హరించింది. 44,900 అడుగుల్లో 5 అంగుళాలు ఎన్నిసార్లు ఇమిడితే చెక్క బలం గుండు బరువుకు అన్ని రెట్లు. లెక్క వేస్తే లక్షా ఏడు వేల రెట్లకు పైమాట. పన్నెండో వంతు పౌండు గుండును ఆపడానికి చెక్క సగటున 9,000 పౌండ్ల బలంతో, అంటే నాలుగు టన్నుల బరువుతో సమానంగా ఎదురు నెట్టింది. అదంతా సెకనులో రెండు వేలో వంతు సేపట్లో. ఏ తక్కెడా తూచలేని బలాన్ని ఒక రిబ్బనూ ఒక అంగుళాల బద్దా కలిసి తూచాయి.

రాబిన్స్ ఇదే తర్కాన్ని గాలి మీద కూడా వాడాడు. దిమ్మను తుపాకికి 25 అడుగుల దూరంలో పెట్టి కాల్చాడు, తర్వాత 75 అడుగుల దూరంలో, ఆపైన 125 అడుగుల దూరంలో. వేగాలు 1,670, 1,550, 1,425 అడుగులు. యాభై అడుగుల గాలి దాటేసరికి 120 అడుగుల వేగం పోయింది. అంటే గాలి గుండును దాని బరువుకు దాదాపు 120 రెట్ల బలంతో వెనక్కి లాగుతోంది. అప్పటిదాకా ఫిరంగి విద్య నేర్పే గురువులు గాలిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని పాఠం చెబుతున్నారు.

చెక్క బలం లెక్కలోని బలహీనత రాబిన్స్ తర్వాత చాలాకాలానికి గాని స్పష్టం కాలేదు. మనకు దొరికింది సగటు. ఎదురుబలం మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా ఒకేలా ఉందని అనుకుంటేనే 9,000 పౌండ్లు అసలు బలం అవుతుంది. చెక్క వంటి గట్టి పదార్థాల విషయంలో ఆయన అలాగే అనుకున్నాడు. అందుకే లోతు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుందన్నాడు. వేగం సగమైతే 5 అంగుళాల లోతు అంగుళంపావుకు తగ్గాలి. ఒక్క గుండు వల్ల ఒక్క సగటే వస్తుంది. ఆ సగటు వెనక బలం ఎలా హెచ్చుతగ్గులయిందో ఆ రంధ్రం ఎంత చూసినా చెప్పదు.

రాబిన్స్ పుస్తకాన్ని జర్మన్ భాషలోకి మార్చింది మరెవరో కాదు, ఆయిలర్. 1739లో రాబిన్స్ ఆయిలర్ యంత్రశాస్త్ర గ్రంథాన్ని చీల్చి చెండాడుతూ ఒక పుస్తకం రాశాడు. ఆరేళ్ళకు బెర్లిన్‌లో ఆయిలర్ అదే రాబిన్స్ పుస్తకాన్ని గౌరవంగా అనువదించి, మూలానికి ఎన్నో రెట్ల వ్యాఖ్య జోడించి 1745లో ప్రచురించాడు. రాబిన్స్ మాటల్లో చెప్పినచోట ఆయిలర్ సమీకరణాలు రాశాడు. 1783లో అది ఫ్రెంచిలోకి వచ్చింది. ఐదేళ్ళ తర్వాత ఓసోన్ పట్టణంలో నెపోలియన్ అనే కుర్ర ఫిరంగి అధికారి దాన్ని చదివి నోట్సు రాసుకున్నాడు. తనను ఎండగట్టినవాడి పనిలో మంచిని చూసి, దానికి తన సమయాన్ని ధారపోసిన ఆయిలర్ మీద నాకు గౌరవం ఆ సమీకరణాలవల్ల మాత్రమే కలగలేదు.

రాబిన్స్ కథ ముగిసింది మన తీరంలోనే. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసును పట్టుకోవడం, ఒప్పందంలో 1749లో తిరిగివ్వడం తెలిసిందే. ఈస్టిండియా కంపెనీ తన కోటల సత్తువెంతో చూసి భయపడి, రాబిన్స్‌ని ఇంజనీర్ జనరల్‌గా నియమించి పంపింది. 1750 జూలైలో ఆయన కడలూరు పక్కన దేవనాంపట్టినంలోని సెంట్ డేవిడ్ కోటకు చేరాడు. మద్రాసు, సెంట్ డేవిడ్ కోటల్ని తిరిగి కట్టడానికి పథకాలు గీశాడు. గుండు ఎంత లోతు దిగుతుందో లెక్క తేల్చినవాడు ఇప్పుడు ఎంత మందం గోడ కట్టాలో లెక్క వేస్తున్నాడు. వచ్చిన రెండు నెలలకే జ్వరం పట్టుకుంది. కోలుకున్నాడు గాని, ఒంట్లో సత్తువ నిలవలేదు. 1751 జూలై 29న అక్కడే కన్నుమూశాడు. నలభై నాలుగేళ్ళు. కంపెనీకి నివేదిక రాస్తూ చేతిలో కలంతోనే పోయాడని చెబుతారు. ఏడేళ్ళకు, 1758 జూన్‌లో, ఫ్రెంచి సేనాపతి లాలీ సేనలు ఆ కోటను పట్టుకుని కూల్చేశాయి.

ఒక్క రంధ్రం చెప్పలేనిది చాలా రంధ్రాలు కలిసి చెబుతాయని పట్టుకున్నవాళ్ళు ఫ్రాన్స్‌లోని మెట్స్ నగరం ఫిరంగి అధికారులు. వాళ్ళకు దారి చూపినవాడు జాన్ విక్టర్ పోన్స్‌లే. 1812లో నెపోలియన్ సేనతో రష్యా వెళ్ళి, తిరుగుదారిలో పట్టుబడి, సరాతోవ్‌లో ఖైదీగా ఉండగా ఒక్క పుస్తకం లేకుండా జ్యామితిని మొదటినుంచీ తన తలలోంచే తిరిగి కట్టుకున్న మనిషి. 1814లో ఇంటికొచ్చాడు. తర్వాత మెట్స్ సైనిక పాఠశాలలో యంత్రశాస్త్రం చెప్పాడు.

1830ల మధ్యలో ప్యోబేర్, మోరాన్, దిదియోన్ అనే అధికారులు అక్కడ మట్టిలోకి, రాతికట్టులోకి, చెక్కలోకి రకరకాల వేగాలతో ఫిరంగి గుండ్లు కాల్చి లోతులు కొలిచారు. వర్గం నియమం పూర్తిగా నిలబడలేదు. వేగం పెరిగేకొద్దీ లోతు ఆ నియమం చెప్పినంత పెరగడం లేదు. అంటే ఎక్కువ వేగంలో పదార్థం ఇంకా ఎక్కువగా ఎదురుతిరుగుతోంది.

పోన్స్‌లే సూత్రం ఎదురుబలాన్ని రెండుగా విడగొట్టింది. ఒకటి పదార్థానికి పుట్టుకతో ఉన్న గట్టితనం. గుండు ఎంత నెమ్మదిగా పోయినా పదార్థాన్ని చీల్చాలంటే ఆ మూల్యం చెల్లించాలి. రెండోది దారిలో ఉన్న పదార్థాన్ని పక్కకు తోసేయడానికి అయ్యే ఖర్చు. అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, గాలిలోనూ నీటిలోనూ ఉండేలాంటిదే. రెండూ కలిపి లెక్కిస్తే లోతు వేగం వర్గాన్ని విడిచి లాగరిథమ్ దారి పడుతుంది. రెండు ఖర్చులూ సమానమయ్యే వేగం ఒకటి ఉంటుంది. ఆ వేగాన్ని రెట్టింపు చేస్తే లోతు నాలుగింతలు కాదు, సుమారు 2.3 రెట్లే అవుతుంది. తక్కువ వేగాల్లో రాబిన్స్, ఆయిలర్‌ల పాత నియమమే మిగులుతుంది. తెలియని అంకెలు రెండు కాబట్టి కనీసం రెండు వేర్వేరు వేగాలతో కాల్చాలి. అప్పుడు ఒక్కో పదార్థానికి ఒక జత అంకెలు వస్తాయి. మెట్స్ పట్టికలు అలా నిండాయి.

ఇక్కడే క్లార్క్ వర్గం అడిగిన కాలం ప్రశ్న తిరిగొస్తుంది. ఎదురుబలం చివరిదాకా ఒకేలా ఉంటే లోతు చెప్పే సగటూ కాలం చెప్పే సగటూ ఒకటే. పోన్స్‌లే చెప్పినట్టు వేగంతోపాటు బలమూ తగ్గుతూ వస్తే ఆ రెండూ విడిపోతాయి. గుండు తన చివరి కాస్త దూరాన్ని నెమ్మదిగా, ఎక్కువ సమయం తీసుకుని పోతుంది, అప్పటికి బలం తగ్గి ఉంటుంది. కాబట్టి కాలాన్ని బట్టి తీసిన సగటు లోతును బట్టి తీసిన సగటుకంటే చిన్నది. రెండూ కొలిచి పక్కపక్కన పెట్టగలిగితే ఆ తేడాయే బలం ఎలా మారిందో చెబుతుంది. మెట్స్ అధికారుల దగ్గర లోతు ఉంది గాని, చెక్కలో గుండు గడిపిన ఆ సెకను తునకను కొలిచే గడియారం లేదు.

ఆ రెండు కొలతలూ ఒకే గుంతకు దొరికిన సందర్భం ఒకటుంది, భూమికి చాలా దూరాన. 2014 నవంబర్ 12న యూరప్ పంపిన ఫీలే నౌక 67పి తోకచుక్క మీద దిగబోయింది. పట్టు దొరక్క ఎగిరి, దాదాపు రెండు గంటలపాటు గెంతుకుంటూ పోయి ఒక నీడచోట ఆగింది. మధ్యలో అది ఇంకోసారి నేలను తాకిన చోటు ఆరేళ్ళ వెతుకులాట తర్వాత, 2020లో, ఫొటోల్లో దొరికింది. అక్కడ మంచుదుమ్ములో 25 సెంటీమీటర్ల లోతు అచ్చు ఉంది. నౌక మీద చాచిన కడ్డీకి బిగించిన అయస్కాంత పరికరం ఆ ఒత్తిడి మూడు సెకన్లపాటు సాగిందని నమోదు చేసింది. లోతూ, కాలమూ, నౌక బరువూ తెలిశాయి కాబట్టి నేల ఎంత గట్టిగా అడ్డుకుందో లెక్క తేలింది: 12 పాస్కల్స్ కంటే తక్కువ. బల్ల మీద ఒక మిల్లీమీటరు పైచిలుకు మందాన నీళ్ళు పోస్తే బల్ల మీద పడే ఒత్తిడి అంత. నాలుగున్నర వందల కోట్ల ఏళ్ళనాటి మంచు, ముట్టుకుంటే నురగకంటే మెత్తన.